సమీప కారణం

కొండపి దాటి మట్టిరోడ్డు ఎక్కేసరికే
వాసన ఎదురొచ్చింది,
ఊరు ఊరంతా కలిసి
ఒకే చుట్ట తాగి ఆర్పినట్టు.

నేను సర్వేయర్ని.
నా సంచిలో టేపు, కెమెరా,
నాలుగు కాగితాల నిండా గట్టి మాటలు.

మాలకొండయ్య బ్యారన్‌కి ఇప్పుడు కప్పు లేదు.
నాలుగు గోడల మధ్య నలుచదరపు ఆకాశం,
వేడికి వంకర్లు పోయిన గొట్టాలు.
"వీటిని సాల్వేజ్ అంటారు" అన్నాను.
"పాతినుం అంటాం మేం" అన్నాడు.

తరుగు అనగానే చెయ్యెత్తాడు:
"అది చెప్పబాకులే సామీ,
కాటా ఉన్న ప్రతిచోటా ఇన్నాం.
ముసలెద్దు చస్తే కోడె ఖరీదు ఎవడిస్తాడు?"

సగటు షరతు దగ్గర మాత్రం ఆగిపోయాడు.
ఎనిమిది లక్షల సొత్తు.
ప్రీమియం తగ్గుద్దని నాలుక్కే రాయించాడు.
నాలుగు లక్షలది కాలింది.
"ఐతే నాలుగొస్తయ్ గదా."
"రెండే. మిగతా సగానికి
నీకు నువ్వే బీమా కంపెనీవి."
కాసేపు ఆలోచించి,
"ఆ కంపెనీ మునిగి చానా ఏళ్లయింది" అన్నాడు.
నవ్వాలో లేదో తెలీక
టేపు చుట్టుకున్నాను.

ఇక సమీప కారణం.
నిప్పెలా అంటుకుంది?
గొట్టం మీద ఆకు రాలింది.
ఆకెందుకు రాలింది?
దారం వదులైంది.
దారమెందుకు...

రవణమ్మ ముందుకొచ్చింది.
వేళ్లకింకా నల్లగా పొగాకు జిగురు.
"ఆ కర్ర నేనల్లిందేనేమో.
రాత్రి పదకొండు దాకా అల్లాం, ఒక్క బల్బు కింద.
కర్రకింతని కూలి, ఇంకా చేతికి రాలా.
ఆకు కాలితే మా కూలీ కాలినట్టేనా?
మా పేరు ఏ గళ్లో రాస్తావ్?"

బీమా హితం అని ఒక మాటుంది.
ఆ వస్తువు పోతే నీకు నష్టం రావాలి,
ఆ నష్టం చట్టం కంటికి ఆనాలి.
ఆమెకి చెప్పబోయాను.
తెలుగులో మొదలుపెట్టి
సగంలోనే ఇంగ్లీషులోకి పారిపోయాను.

మాలకొండయ్య బూడిదని
చెప్పుతో అటూ ఇటూ సర్దుతున్నాడు.

ఫారంలో రాశాను:
సమీప కారణం, ప్రమాదవశాత్తూ ఆకు రాలుట.
దారం సంగతి రాయలేదు.
అది దూరంగా ఉందని కాదు.

ఒంగోలు బస్సులో కాగితం తిరగేశాను.
వెనకవైపు గళ్లుండవు.
రవణమ్మ, రాత్రి పదకొండు, ఒక్క బల్బు
అని రాసుకున్నాను,
పెన్సిలుతో,
చెరపడానికి వీలుగా.