గుండూ బద్దా

కాశీబుగ్గ బస్టాండు ఎదుట
టీ బడ్డీకీ జెరాక్సుకీ మధ్య ఇరుక్కున్న
నా మూడడుగుల కొట్టులోకి
ఆసుపత్రికి వచ్చినట్టు వచ్చిందావిడ.
కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది.
"కొని రెండ్రోజులు. సచ్చిపోనాది బాబూ,
బేట్రీ ఎయ్యి."

కంటికి భూతద్దం తగిలించి వెనక్కి తిప్పాను.
వెనకా అద్దమే.
అద్దం కింద ఎర్రరాళ్లు,
వెంట్రుకంత స్ప్రింగు,
ఊగడం ఆపేసిన చక్రం.
ముప్పై ఏళ్లలో ఇలాంటిది
ఈ బల్ల ఎక్కడం రెండోసారి.
మొదటిది దొంగసొత్తు,
పోలీసులే తెచ్చారు.
ఖరీదు నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"దీనికి బ్యాటరీ ఉండదమ్మా."
"బేట్రీ నేకుండానే
అంత డబ్బు అట్టుకున్నాడేటి!"

తామాడ దమయంతి.
ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి.
ఇప్పుడు సొంత రేకుల షెడ్డు,
కింద పద్నాలుగు మంది ఆడవాళ్లు.
విశాఖలో అద్దాల షాపువాడు
వాచీతో ఒక పుస్తకం కూడా ఇచ్చాడట.
తిరగేశాను: తొమ్మిది భాషలు,
మనది తప్ప.

సరే, వినమ్మా.
చేతికి ఉండగా కీ ఇవ్వకు,
కాడ వంగిపోతుంది. విప్పి, ఎడమచేతిలో పట్టుకో.
పక్కనున్న ఈ గుబ్బని లాగొద్దు,
ఉన్నచోటే ఉంచి ముందుకి తిప్పు.
ముప్పై చుట్లు, అటూ ఇటూగా.
లెక్క ముఖ్యం కాదు.
ఒకచోట బిగుసుకుంటుంది. అక్కడ ఆగాలి.

ఆ ఒక్కమాటా నేను ఎంతమందికి చెప్పానో.
డాక్టరు ఆగలేదు, రిటైరైన తాసిల్దారు ఆగలేదు,
బలం ఉన్నవాడెవడూ ఆగలేదు.
వాళ్ల స్ప్రింగు ముక్కలు
ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి.

ఆవిడ వేళ్లు చూసి భయపడ్డాను.
జీడిసొన తిని నల్లబడి, నున్నబడి,
గీత మిగలని వేళ్లు.
రేషన్ మిషనుకి
ఆ బొటనవేలు ఎవరిదో ఇప్పటికీ తెలీదట.
పట్టు తెలుస్తుందా వీటికి?

తిప్పింది. కర్‌ర్, కర్‌ర్.
నేను పైకే లెక్కపెడుతున్నాను.
ఇరవై ఆరు. ఇరవై ఏడు.
ఆగిపోయింది.
"ఇంకో మూడు..." అంటూ నేనే అందుకుని తిప్పబోయాను.
కదల్లేదు.

"ఒగ్గీ బాబూ," అంది.
"పెంకు పగలాల, పప్పు పగలకూడదు.
గుండు బద్దయితే
కిలోకి ఎంత కోసీసీవోడో
నాకు ఎరిక గదా."

ఆ తర్వాత నా గొంతులో
మేష్టారు కొంచెం తగ్గాడు.

ఇప్పుడు ఇంకో మెట్టు లాగు,
సెకన్ల ముల్లు నిలబడిపోతుంది.
పన్నెండంటే పగలో రాత్రో దీనికి తెలీదు,
తిప్పి చూడు, తారీకు మారితే అర్ధరాత్రి.
రాత్రి తొమ్మిది దాటాక
తెల్లారుజాము మూడు దాకా
తారీకుని మాత్రం వేరేగా మార్చకు.
లోపల పళ్లూ పళ్లూ కరుచుకుని
రేపటిని మోస్తుంటాయప్పుడు.

టైము పెట్టడానికి గోడకేసి చూసింది.
ఇరవై గడియారాలు, ఇరవై టైములు.
"ఒక్కటీ నిజం సెప్పదేటి!"
సిగ్గుపడి ఫోను తీశాను.

ముల్లు ఆపుకుని ఇద్దరం నిమిషం కోసం చూస్తుంటే
అప్పుడు చెప్పింది,
అడక్కుండానే:
"మా మేస్త్రీకి ఒక వాచీ ఉండీది.
పొద్దున్న పది నిమిషాలు ముందుకి,
సాయంత్రం పది నిమిషాలు ఎనక్కి.
ఆడి సెయ్యి తప్ప
ఇంకెవల సేతికీ వాచీ నేదు."

యాభై ఎనిమిది, యాభై తొమ్మిది,
నొక్కు.

సన్నగా మొదలైంది.
చెవి దగ్గర పెట్టుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.

రోజూ ఒకే వేళకి ఇవ్వమ్మా, పళ్లు తోముకున్నాక,
అలవాటైపోతుంది.
"ఆదోరం మరిసిపోతే?"
సోమవారం పొద్దుటికి ఆగుతుంది.
చావు కాదది. మళ్లీ ఇస్తే మళ్లీ నడుస్తుంది.

"అయితే ఆదోరం ఇవ్వను," అంది,
కొంగున కాదు, మణికట్టుకే కట్టుకుంటూ.
"ఇరవై రెండేళ్లు
మాకు నేకపోనాది,
దీనికైనా ఉండనీ."

డబ్బులు వద్దన్నాను.
పావుకిలో పొట్లం పెట్టి పోయింది.
విప్పి చూశాను,
అన్నీ గుళ్లే.