విజయవాడ దాకా ఒక్క ఊపిరి

గూడూరు, నెల్లూరు, ఒంగోలు, చీరాల,
తెనాలి మీదుగా విజయవాడ.
ఒకప్పుడు ఇదంతా నాకు ఒక్క ఊపిరి.
సెంట్రల్ స్టేషన్ మైకు గదిలో
పద్నాలుగేళ్లు అలాగే చదివాను.

కిందటేడు ఆడి నెలలో ఒంగోలు దగ్గర ఆగాను.
దీపావళికి నెల్లూరు.
తై నెలకి, గూడూరు అని
మైకు కట్టేసి, బల్ల అంచు పట్టుకుని,
సెల్వి అందించిన నీళ్లు తాగి
అప్పుడు నెల్లూరు.

ఓటేరిలో ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు.
మచ్చ కనబడితే మనకి ముందు గుర్తొచ్చే పేరు అదే.
ఆరు నెలల మాత్రలు. మూత్రం నారింజ రంగు.
అత్తమ్మ ఏమీ అనలేదు,
నా గ్లాసు అడుగున మాత్రం
ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క పెట్టింది.
కఫంలో క్రిమి ఒక్కసారీ దొరకలేదు.
నేనే ఎక్కడో దాచినట్టు సిగ్గుపడ్డాను.

తాంబరంలో డాక్టర్ మరగదం
గొట్టం దించి ఆవగింజంత ముక్క తెచ్చింది.
సార్కాయిడోసిస్ అంది.
రాసిమ్మన్నాను.
నోరు తిరగని పేర్లు చదవడం నా పనే కదా.

"శత్రువు లేడమ్మా" అంది,
సగం తమిళంతో, సగం చేతులతో.
"ఒంట్లో కాపలావాళ్లు ఎవర్నో చూశామనుకుని గుంపు కట్టారు.
ఆ గుంపు చెదరక గట్టిపడింది.
ఎవర్ని చూశారో వాళ్లకీ తెలీదు, మాకూ తెలీదు."

నాకు తెలుసు.
రద్దైన బండి కోసం
ప్లాట్‌ఫారం మీద జనం పెట్టెల మీంచి కదలరు.
ఎన్నిసార్లు చెప్పినా
ఒకడు లేచి పట్టాలకేసి తొంగిచూస్తాడు,
వాణ్ని చూసి పదిమంది లేస్తారు.

ఈ తెల్లమాత్ర అలాంటి ప్రకటన.
రోజూ పొద్దున్నే చెప్పాలి.
కొందరు సర్దుకుని పోతారు. కొందరు పోరు.
నా మొహం గుండ్రమైంది,
రాత్రి రెండింటికి లేచి మాగాయ అన్నం తింటున్నాను.
అత్తమ్మ గ్లాసు మీద చుక్క గోటితో గీకింది.
పూర్తిగా రాలేదు.

"ఊదుంగ, ఇన్నుం, ఇన్నుం" అంటాడు పరీక్ష గది కుర్రాడు.
కాగితం మీద గీత ఎక్కుతుంది, తొందరగా వంగిపోతుంది.
నా లెక్క వేరే ఉంది.

బండి వేళకొస్తే మిషను చెబుతుంది, ఆలస్యమైతే నేను.
మిషనులోదీ నా గొంతే,
ఏడేళ్ల కిందటిది.
డ్యూటీ దిగి మెట్ల దగ్గర నిలబడి
దానితో పాటు పెదాలు కదుపుతాను.
నిన్న చీరాల దాకా వెళ్లాను.
అది ఆగకుండా తెనాలి దాటిపోయింది.
నేను అక్కడే దిగి
కాస్త గాలి పీల్చుకుని
తర్వాతి బండి కోసం చూశాను.