తెరపి

హోక్వియంలో అక్టోబరు మొదలుకొని జూను దాకా ముసురే.
మా వీధిలో గడియారాలు గంటలు కొడతాయి,
ఎవరూ వినరు.
మేం వినేది చూరు కింది రేకు గొట్టాన్ని.
అందులో నీళ్ల మాట సన్నబడి సన్నబడి
బొట్టు,
బొట్టు,
ఇంకో బొట్టు కోసం చెవి నిక్కబొడుచుకుంటే
అది రాదు.
అదే తెరపి.

అప్పుడు చూడాలి మమ్మల్ని.
స్కూలు బస్సు నడిపే డెల్ఫా
కాఫీ కప్పు మెయిల్‌బాక్సు మీద మరిచిపోతుంది.
ఆల్చిప్పల షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన ఎవారిస్తో
రబ్బరు బూట్లు విప్పకుండానే మోవర్ తాడు లాగుతాడు,
ఒకసారి, రెండుసార్లు, ఓ తిట్టు తిట్టి మూడోసారి.
రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నేను
నైటీ మీదే రెయిన్‌కోటు తొడుక్కుని మెట్లు దిగుతాను.
వీధంతా ఒక్కసారిగా దగ్గుతుంది.
పెట్రోలు, పచ్చి గడ్డి, నానిన మట్టి
మూడూ కలిసిన వాసనకి మా ఊళ్లో పేరు లేదు.
వసంతం అని ఎవరైనా అంటే నవ్వుతాం.

తడి గడ్డి కోయకూడదంటాడు తోయివో.
ఆరేదాకా ఆగితే ఆగస్టు వస్తుందంటాను నేను.
తోయివో లాహ్టి, ఎనభై ఒకటి,
పెంకుచెక్కల మిల్లుకి రెండు వేళ్లు ఇచ్చి వచ్చిన మనిషి.
మిగిలిన ఎనిమిదింటితో మాకు పాఠం చెప్పేవాడు:
ఆకు రాలే నెలలో సున్నం చల్లండి, ఈ నేల పులుపు.
నాచుని తిట్టి లాభం లేదు, ఆ నీడ ఎవరిదో చూడండి.
ముల్లుపారతో పొడవండి, మట్టికి ఊపిరాడటం లేదు.
ఎంత పెరిగినా సరే
ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీయొద్దు,
జుట్టు సర్దమన్నాను, గుండు గీయమన్లేదు.

ఈ ఏప్రిల్‌లో ఆయన మోవర్ దగ్గలేదు.
తుంటి ఆపరేషను. కిటికీ పక్కన కుర్చీ.
మొదటి తెరపికి గడ్డి చీలమండ,
మూడో తెరపికి పిక్క,
ఐదో దానికి కంకి తొడిగి, తడికి బరువెక్కి
ఓ పక్కకి ఒరిగిపోయింది
అలిగి పడుకున్న పిల్లలా.
నాచు మటుకు మెట్లెక్కి కూర్చుంది.

ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు.
గురువారం మూడూ నలభైకి గొట్టం ఆగింది.
డెల్ఫా తన గేటు దాటి తిన్నగా వచ్చింది.
ఎవారిస్తో అటు నుంచి. నేను ఇటు నుంచి.
తలో చాలూ పట్టాం.
రేవు మీదికి మబ్బు వంగుతోంది, మాటలకి టైము లేదు.
మెత్తని చోట నా చక్రం దిగబడితే
ఎవారిస్తో ఒంటి చేత్తో ఎత్తి అవతల పెట్టి
నా మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.
పక్క గోడ దగ్గర
బ్లేడుకి తగిలి ఎగిరిందొక చెక్క క్లిప్పు.
ఐలీ పోయి ఆరేళ్లు.
ఆ పెరట్లో బట్టలు ఆరి ఆరేళ్లు.
తీసి జేబులో వేసుకున్నాను.

చినుకు పడేసరికి పని అయింది.
వెనక్కి తిరిగి చూస్తే మూడు ఎత్తులు:
డెల్ఫాది కార్పెట్టు, నాది మెట్లు మెట్లు,
ఎవారిస్తోది గుండు.
కిటికీ మీద టకటక.
మూడు వేళ్లే మిగిలిన కుడి చేతిని
అద్దానికి అడ్డంగా ఆనించాడు తోయివో.
ఇంత. ఇంత ఉంచాలి.
అద్దం మీద నీళ్లు కారుతున్నాయి,
తిట్లు మాకు వినపడలేదు, పెదాలు మాత్రం కనపడ్డాయి.
డెల్ఫా వంగి
అక్కడే, ఆ వానలోనే,
ఆయన చూస్తుండగా
తన బ్లేడుని ఒక మెట్టు పైకెత్తింది.

క్లిప్పు ఇంకా నా రెయిన్‌కోటు జేబులోనే ఉంది.
ఇచ్చెయ్యాలి.
కొంచెం తెరపి ఇవ్వనీ.