బ్యాటరీకి వయసు

ఆల్దిస్‌కి డెబ్బై మూడు.
నలభై ఏళ్లు విమానాల కడుపుల్లో వెల్లకిలా పడుకుని
తీగలు కలిపిన చేతులు.
ఆకురేరిలో మా అద్దె గదికొచ్చి
ఊలు తొడుగులు విప్పుకుని
నా కుర్చీలో కూర్చుంది.

తెర మీద కాక్‌పిట్. కిటికీలో నిజం మంచు.
బ్యాటరీ స్విచ్ వేసింది.
దీపాలన్నీ పెళ్లింట్లోలా
ఒక్కసారే వెలిగాయి.

ముఖం చిట్లించింది.
"మైనస్ పద్దెనిమిదిలో రాత్రంతా నిలబడ్డాక
ఇంత సుఖంగా ఏదీ మేలుకోదు, స్తిర్మిర్."

లెక్కలు చూపించాను.
ఇరవై నాలుగు వోల్టులు, రెండు బస్సులు,
మనుషులెక్కేవి కావు, కరెంటెక్కే రాగి కమ్మీలు,
ప్రతి ఫ్యూజూ పేరుతో సహా.
అన్నీ ఉన్నాయన్నాను.

"స్టార్టర్ నొక్కు."
నొక్కాను. ఇంజన్ తిరిగింది.
ఒక్క దీపమూ రెప్ప వాల్చలేదు.

"అంత మోటారు ఆకలితో గిన్నె మీద పడితే
పక్కవాళ్ల కంచాల్లో మెతుకు తగ్గదా?
ముల్లు పదిహేడుకి పడాలి.
రేడియో గొంతు పీలబోవాలి.
డయళ్ల వెనక బల్బులు బెల్లం రంగుకి దిగాలి.
సీటు కింద రిలే
టక్ అనకూడదు, టటక్ అనాలి,
తడబడి."

రాసుకున్నాను: టటక్.

రెండో కాఫీ పోసుకున్నాక చెప్పింది.
గ్రిమ్సే దీవి నుంచి రోగిని తెస్తున్న రాత్రి.
ఒక జనరేటర్ ముందే పాడు,
రెండోది సముద్రం మీద పోయింది.
థోర్‌గ్రీముర్ నడుపుతున్నాడు, పక్క సీట్లో తను.
పుస్తకం ప్రకారం బ్యాటరీకి ముప్పై నిమిషాలు.
దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.
అక్కడ చక్కబెట్టడమంటే
దీపాలు ఆర్పడమే.
లాండింగ్ లైటు. హీటరు. రెండో రేడియో.
రోగి తల దగ్గర చిన్న బల్బు.
దాని స్విచ్‌కి నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"వదిలేశాం. పావు ఆంపియర్ కూడా తినదది.
నీ లెక్కలో ఉందా ఆ బల్బు?"

లేదు.

పంతొమ్మిదో నిమిషంలో
నేలా నింగీ చూపించే గుండ్రటి పరికరం
నిద్రొచ్చిన పిల్లాడిలా ఒరిగింది,
ఎర్ర జెండా పడకముందే
అబద్ధం మొదలుపెట్టింది.
తర్వాత దీపాలు కొండెక్కాయి.
అసలు కొండలు ఇటూ అటూ ఉన్నాయి,
కనబడకుండా.
టార్చి పళ్ల మధ్య కరిచి
దిక్సూచి మీద వెలుగు పట్టింది.
దిగారు. ఎలాగో చెప్పలేదు.

"మిగతా పదకొండు నిమిషాలు ఏమయ్యాయి?"
"బ్యాటరీ ముసలిది.
ఆ మాట లాగ్ పుస్తకంలో రాయాల్సింది నేనే.
ఇంకో నెల లాగుతుందనుకున్నా."

గదిలో కంప్యూటర్ ఫ్యాను ఒక్కటే తిరిగింది.

ఆ రాత్రి ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చాను:
వయసు.
ఏ విమానానికి ఎంతో నాకూ తెలియదు,
పాచికలు వేసినట్టు పడుతుంది.
చలికి ముడుచుకుంటుంది. పుస్తకం మాట వినదు.
నర్సు బల్బు కూడా పెట్టాను.

మూడు వారాలకి డనీడిన్ నుంచి ఒకాయన ఉత్తరం.
మీ విమానంలో లోపముంది,
ముప్పై నిమిషాలన్నారు, ఇరవై రెండుకే చీకటి,
డబ్బు వాపసివ్వండి.
ఆల్దిస్‌కి చదివి వినిపించాను,
నవ్వుతుందని.

నవ్వలేదు.
"అతనికి లాగ్ పుస్తకం ఇచ్చావా?
ముందే చూసుకునే వీలు?"
ఇవ్వలేదన్నాను.
"మరి అది నిజమెలా అవుతుంది?
ఉత్త దొంగదెబ్బ."

ఇప్పుడు పుస్తకం తయారుచేస్తున్నాను.
పాత తేదీలు, నూనె మరకలు,
బ్యాటరీ గడిలో ఎవరిదో వంకర రాత.
కొన్ని విమానాల్లో ఆ గడి ఖాళీ.
ఖాళీగా ఉంచమని తనే అంది.

నిన్న మళ్లీ వచ్చి కూర్చుంది.
స్విచ్ వేసింది. దీపాలు
బెల్లం రంగులో, బద్ధకంగా లేచాయి.
టటక్.
కళ్లు మూసుకుని వింటోంది.
కుడి చెయ్యి కోటు జేబులో ఉంది,
టార్చి మీద.