పంచు సంతకం

నాలుగోసారి నా సంతకం అడుగుతున్నరు.
మొదటిసారి చెయ్యి వణికింది. రెండోసారి పెన్ను రాయలేదు.
మూడోసారి చాయ్ పొంగుతుంటే తొందరల గీకిచ్చిన.
ఇయ్యాల హెడ్డు యాకూబ్ సారు
నా బల్ల మీదనే కాయితం పరిచి
గాలికి లేవకుండ చాయ్ గ్లాసు బరువు పెట్టిండు.

ములుగు రోడ్డు.
ఎడమ అంచు నుంచి పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు.
టేపు ఒక కొస నేనే పట్టుకున్న.
ఇసుక లారీ నీళ్లు కారుకుంట పోయింది,
ఆ నీళ్ల గీత రోడ్డు పొడుగునా ఉంది.
బ్రేకు గీత మాత్రం ఎంత ఎతికినా లేదు.

మృతుని పేరు ఓదెలు. తండ్రి కీర్తిశేషులు కొమురయ్య.
వృత్తి హమాలీ. వయస్సు సుమారు యాభై.
సుమారేంది సారూ,
మొన్న గీడనే కూసోని లెక్కేసుకున్నడు,
యాభై రెండు నిండి మూడు నెలలని.

కాయితంల పట్టని సంగతులు కొన్ని ఉన్నయి.
ఎనుమాముల యార్డుల రాత్రంత మిర్చి బస్తాలు మోసి
పొద్దుగాల వొచ్చేటోడు.
కండ్లల్ల నీళ్లొస్తే చేతులతోటి తుడుసుకోడు,
మెడ వంచి భుజానికి రాసుకుంటడు.
గ్లాసు కూడ తువ్వాలతోటే పడుతడు.
"అల్లం ఎక్కువెయ్యి రాజీరూ,
ఘాటును ఘాటే తియ్యాలె."
నా ఖాతా బుక్కుల ముప్పై నాలుగు రూపాయలున్నడు.

సారు చదువుతున్నడు:
"మృతుడు అజాగ్రత్తగా, దాటరాని చోట దాటుతుండగా..."

దాటరాని చోట.

ఈ డివైడరు కట్టిన నాడు నా గిరాకి సగం పడిపోయింది.
అటు దిక్కు మిర్చి ఆటోలు, ఇటు దిక్కు నా పొయ్యి,
నడుమ నడుమెత్తు సిమెంటు గోడ.
తిరిగి రావాలంటే పెట్రోలు బంకు దాక పోవాలె,
ఒక్క చాయ్ కోసం ఎవడొస్తడు?
వానకాలం ఒక రాత్రి, కరెంటు పోయినంక,
గడ్డపార తీసుకొని నేనే పోయిన.
మూడు దెబ్బలకు పెచ్చు లేచింది.
ఆరో దెబ్బకు ఇనుప సీకు వంగింది.
మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు.
తెల్లారి అండ్లకెళ్లి మొదట వొచ్చింది ఓదెలే.
"ఎవడో పుణ్యాత్ముడు తొవ్వ చేసిండు" అన్నడు.
నేను తల దించుకొని చాయ్ వడపోసిన.

లారీ వేగం మీద ఒక వాక్యం రాసిండ్రు.
ఎలగని స్తంభం మీద అర వాక్యం కూడ లేదు.
సందు గురించి ఇట్ల ఉంది:
"సదరు స్థలమున డివైడరు పగిలి ఉన్నది."
పగిలి ఉన్నది,
ఎండకు పుచ్చకాయ పగిలినట్టు,
దానంతట అదే.
పగలగొట్టినోని పేరు అడగని మాట అది.
ఆ మాట సాటుకు నేను పూర్తిగ పట్టిన.

"ఇంకేమన్న చెప్పేదుందా?" అన్నడు సారు.
నెత్తి మీద నా డబ్బా కప్పు టపటప కొట్టుకుంది.
పోయిన ఏడు రోడ్డు భద్రతా వారోత్సవాలు అయిపోయినంక
నేనే ఇప్పుకొచ్చిన ఫ్లెక్సీ అది.
అక్షరాలు లోపలి దిక్కుంటయి,
పాలు కాగేదాక రోజూ సదువుతనే ఉంట.
"ఏం లేదు సారూ" అన్న.
సంతకం పెట్టిన. దీర్ఘాలు సరిగనే పడ్డయి.
సారు గ్లాసు ఎత్తిండు.
నా పేరు పక్కన గుండ్రంగ చాయ్ మరక.

ఆ రాత్రి అర సంచి సిమెంటు కొనుక్కొచ్చిన.
ఇసుక కొననేలేదు.
లారీ రాల్చిపోయిన ఇసుకనే చాట తోటి ఎత్తి,
జల్లెడ పట్టి, ఏరాల్సినవి ఏరి,
చాయ్ కాగే గిన్నెతోటే నీళ్లు పోసి కలిపిన.
వంగిన సీకు నిలబెట్టి, రాళ్లు పేర్చి,
అరచేతులతోటి నున్నగ చేసిన.
రెండు లారీలు హారను కొట్టుకుంట పోయినయి.
ఒకడు తిట్టిండు కూడ.

తెల్లారి పొయ్యి ముట్టియ్యక ముందే పోయి చూసిన.
పచ్చి సిమెంటు మీద ఒక అడుగు పడి ఉంది.
చెప్పు లేని కాలు, మడిమ లోతుగ దిగింది.
ఎవరిదో తెల్వది.
వేళ్లు మాత్రం
నా డబ్బా దిక్కే ఉన్నయి.