ఖాళీ సీటు లెక్క

కోషిత్సెలో ఫిబ్రవరి.
ట్రాము అద్దాల నిండా జనం ఊపిరి.
దెజిదెర్ కిటికీ పక్కన కూర్చుంటాడు.
రెండు వరుసల వెనక నేను,
చేతితొడుగులో దాచుకున్న స్టాప్‌వాచీతో.

పని చిన్నదే.
ట్రాము నిండుతుంటే
అతని పక్క సీటు ఎన్ని స్టాపులు ఖాళీగా ఉంటుందో
లెక్కపెట్టడం.
మర్నాడు అదే వేళకి, అదే కోటు తొడిగి,
అతని చోట మా బోహుష్‌ని కూర్చోబెట్టడం.

బోహుష్ పక్కన ఒక స్టాపు. ఒక్కోసారి అదీ పట్టదు.
దెజిదెర్ పక్కన నాలుగు, అయిదు.
ఒక మంగళవారం చివరి స్టాపుదాకా ఎవరూ రాలేదు.
పధ్నాలుగు మంది కమ్మీలు పట్టుకుని ఊగుతూనే వచ్చారు.

ఎవరి ముఖంలోనూ ద్వేషం లేదు.
నాకు రాసుకోడానికి అదే కష్టమైంది.
ద్వేషానికైతే ఒక గడి ఉంది, టిక్కు పెట్టేదాన్ని.
వీళ్లు ఫోను చూసుకుంటున్నారు,
బ్యాగుని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటున్నారు,
దిగేది దగ్గరేలే అనుకుంటున్నారు.
మా కాగితాల మీద అడిగాం:
మీ పక్కింట్లోకి రోమా కుటుంబం వస్తే అభ్యంతరమా?
"అబ్బే, ఎందుకూ?"
అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

మంచు కరిగాక మందులు మొదలుపెట్టాం.
ఒక జట్టుకి ఉపన్యాసం.
మూడో వారానికల్లా చెమ్మ ఆరినట్టు ఆరిపోయింది.
ఇంకో జట్టుకి వీడియో చూపించాం, ఏడ్చారు.
ఏడ్చినవాళ్లు కూడా నిలబడే ప్రయాణం చేశారు.
దెజిదెర్ చేతికి లావుపాటి భౌతికశాస్త్రం పుస్తకం ఇచ్చాం.
ఒకటిన్నర స్టాపు తగ్గింది!
నేను చప్పట్లు కొట్టబోయాను.
పుస్తకం తిరిగిస్తూ అన్నాడు:
"ఇది ఒళ్లో ఉంటేనే మనిషి లెక్కా?
మీరు ఇప్పుడు డబ్బులిస్తున్నారు గానీ,
ద్రాహోమీరా గారూ,
ఇరవై ఏళ్లుగా ఈ సీట్లో ఊరికే కూర్చుంటున్నాను."
ఆ మాట ఏ గడిలో పట్టలేదు.

ఏప్రిల్లో ఒకరోజు ట్రాము ఆగిపోయింది.
కరెంటు లేదు, తలుపులు రావు, నలభై నిమిషాలు.
టమాటా నారు పెట్టె మోసుకొస్తున్న ముసలామె
చేతులు లాగేసి, చుట్టూ చూసి,
"పట్టుకో నాయనా" అని పెట్టె అతని ఒళ్లో దించేసింది.
అడగలేదు. ఆలోచించలేదు.
మట్టి రాలి అతని ప్యాంటు పాడైంది,
ఆమె తిట్టుకుంటూ తన రుమాలుతోనే దులిపింది.
మర్నాడు ఎక్కగానే వచ్చి పక్కన కూలబడింది,
ఒక మొక్క చచ్చిపోయిందని చెప్పడానికి.
తర్వాతి వారం ఇంకో ఇద్దరు.

మా విభాగాధిపతి కళ్లజోడు తీశాడు.
"ఒక్క ముసలమ్మ ఫలితం కాదు.
పైగా ట్రాముల్ని మనం చెడగొట్టలేం కదా!"

జూన్‌లో, వాచీ లేని ఒక సాయంత్రం,
కాళ్లు పీకుతుంటే ట్రామెక్కాను.
ఎవరో నల్లటి మనిషి, టోపీ, పక్కన ఖాళీ.
నా కాళ్లు దాటిపోయాయి.
రెండడుగులు వేశాక గానీ తెలియలేదు
అవి ఎవరి కాళ్లో.
వెనక్కి తిరిగి వచ్చి కూర్చున్నాను.
అతను సంచీ జరుపుకున్నాడు, నా వంక చూడలేదు,
చూసీ చూసీ విసిగినవాడిలా.

ఆ రాత్రి పట్టికలో ఒక వరుస చేర్చాను.
స్త్రీ. యాభై మూడు.
చదువు: ఇదే విషయం.
ఆలస్యం: రెండడుగులు.

ఈ వరుస ఎవరిదని బోహుష్ అడిగాడు,
కొలత స్టాపుల్లో లేదు, తీసేయనా అని.
ఉంచమన్నాను.