మూలుగుతాది, తిరగదు

చీపురుపల్లి రైలుగేటు పడినప్పుడల్లా
మా షాపు ముందు ఆటోలు ఆగుతాయి.
అలా ఆగిన ఒకదాంట్లోంచి
చోడిపిండి అంటిన చేతులతో
మిల్లు మోటారు దింపించింది దాలమ్మ.

"మూలుగుతాది బాబూ, తిరగదు.
సేత్తో సెక్రం తోస్తే అప్పుడు లేస్తాది.
మూడ్రోజులు తోసినాను. ఇంక నా వల్ల కాదు."

సగం రోగం ఆవిడే చెప్పేసింది.
మోటారు మంచిదే. దాని వీపు మీది మూపురం పోయింది:
పిడికిలంత డబ్బా,
పుస్తకంలో కెపాసిటర్, మా బజార్లో కండెన్సర్.

విప్పే ముందు స్క్రూడ్రైవర్‌తో
రెండు కాళ్ళూ కలిపాను.
టప్ మనలేదు. అయినా అలవాటు.
మా మేస్త్రీ తవిటయ్య బొటనవేలి మచ్చ
నాకింకా గుర్తే.

మీటరు కొనలేని రోజుల్లో ఆయన
కండెన్సర్‌ని మెయిన్‌కి ముట్టించి తీసి
కాళ్ళు కలిపి చప్పుడు వినేవాడు.
"రెండున్నర. నాలుగు. ఇది చచ్చింది, అవతల పారీ."
తర్వాత ముల్లు మీటరొచ్చింది.
ముల్లు ఎగిరి మెల్లగా వెనక్కి జారితే బతికున్నట్టు.
ఎగిరి అక్కడే కూర్చుంటే
లోపల గోడ కూలినట్టు.

నాది అంకెల మీటరు.
తెలిసిన ధారతో కరెంటు పోస్తుంది,
ఒత్తిడి ఎంత తొందరగా లేస్తోందో చూస్తుంది.
బేగి లేస్తే చిన్న గిన్నె.
నిదానిస్తే లోతున్నట్టు.

డబ్బా మీద రాత ముప్పై ఆరు.
మీటరు మీద తొమ్మిది. మళ్ళీ పెడితే
ఎనిమిది పాయింట్ ఏడు.

పిడుగు పడ్డప్పుడల్లా, లైను తన్నినప్పుడల్లా
లోపలి పొర మీది పూత గోరుచుక్కంత కాలి
తనంతట తనే మానుకుంటుంది.
మానిన ప్రతిసారీ అంత మేర తగ్గిపోతుంది.
పైకి మాత్రం అదే డబ్బా, అదే రాత.

"ఎంత బాబూ?"
కొత్తదానికి మీటరు పెట్టి ఉన్నాను.
"ముప్పై ఆరు" అన్నాను, తలెత్తకుండా.
కొంగుముడి విప్పి
మూడు పదులు, ఒక అయిదు, ఒక రూపాయి
బల్ల మీద పెట్టేసిందావిడ.

నేను చెప్పింది మైక్రోఫారడ్లు.

తవిటయ్య ఉంటే
నెత్తి మీద ఒకటిచ్చి ఉండేవాడు:
ధర ముందు చెప్పరా గుంటడా, కొలత తర్వాత.

తీగలు బిగించి స్విచ్ వేశాను.
మూలగలేదు. లేచింది.
దాలమ్మ చెయ్యి మాత్రం
చక్రం వైపు సగం దూరం వెళ్ళి
అక్కడే ఆగిపోయింది.

ఇంకో రైలుకి గేటు పడింది.
రూపాయి బిళ్ళ బల్ల మీద
మోటారు అదురుకి సన్నగా కదులుతోంది.